అటక మీది సామానుకు దారేది?

ఇందిరాపురం నుంచి ఢిల్లీ వైపు 9వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కాసేపటికి గాజీపూర్ చెత్తగుట్ట కనిపిస్తుంది. 1984లో చెత్త పోయడం మొదలుపెట్టిన ఆ స్థలం 2002 నాటికే నిండిపోయింది. అయినా పోస్తూనే వచ్చారు. 2019 నాటికి దాని ఎత్తు సుమారు 65 మీటర్లకు చేరింది. కుతుబ్ మీనార్ కన్నా ఓ ఏడెనిమిది మీటర్లే తక్కువ. 2017 సెప్టెంబరులో గుట్టలో ఒక భాగం జారిపడి ఇద్దరు చనిపోయారు.

రోజూ ఆ గుట్టను చూస్తూ ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్ల ఇళ్లలో ఇంకో గుట్ట ఉంటుంది. అటక మీద కొంత, మంచం కింద కొంత, బాల్కనీ మూలన కొంత. మొదటి గుట్టకు కార్పొరేషన్‌ను తిడతారు, రెండోదానికి ఇంటావిడను. ఈ రెండు గుట్టలకూ ఉన్న సంబంధం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

నీతిఖండ్‌లోనో వైభవ్‌ఖండ్‌లోనో రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండగా అక్కర్లేని వస్తువులు ఇక్కడ తప్పనిసరి అవుతాయి. రజాయిలు, ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు, రూమ్ హీటర్, చలికాలపు పొగకు ఎయిర్ ప్యూరిఫైయర్, మే నెల ఎండలకు కూలర్. వీటిలో దేనికీ ఏడాది పొడుగునా పని ఉండదు, అలాగని పారేయడానికీ లేదు. ఇక ఊరి నుంచి వచ్చిన ఊరగాయ జాడీలు, పేరంటాల్లో చేతికొచ్చిన స్టీలు డబ్బాలు, పాపకు పొట్టి అయిపోయిన గౌన్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, ఏ ఫోనుదో ఎవరికీ గుర్తులేని చార్జర్లు. అమెజాన్ అట్టపెట్టెలు కూడా, ‘ఎప్పుడైనా ఇల్లు మారితే పనికొస్తాయి’ అని.

ఇలాంటి ఇంటికి పత్రికలూ వీడియోలూ ఇచ్చే సలహా దాదాపు ఒక్కటే. ఒక ఆదివారం చూసుకోండి, అంతా బయటికి తీయండి, అక్కర్లేనిది తీసేయండి. జపాన్‌కు చెందిన మరీ కోండో పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆమె చెప్పేదీ ఇలాగే ఉంటుంది: ఒక రకం వస్తువులన్నీ ఒకేచోట గుట్టపోసి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తేల్చుకోవాలి. మధ్యాహ్నం మూడయ్యేసరికి మంచం మీద బట్టల కొండ, నేల మీద కాగితాలు, మధ్యలో ఆకలేస్తోందంటూ పిల్లలు. రాత్రికి పడుకోవాలి కాబట్టి అంతా మళ్లీ ఎత్తి లోపలికి కుక్కేయడం. ఆ తర్వాత ఆరు నెలలు ఆ అలమర తలుపు తీయాలంటేనే భయం. (2023లో కోండోయే ఒక ఇంటర్వ్యూలో, మూడో బిడ్డ పుట్టాక ఇల్లు ముందులా సర్ది ఉంచడం తాను కొంతవరకు వదిలేసినట్టే అని చెప్పారు. ఆ మాటకు చాలామంది తల్లులు ఊపిరి పీల్చుకున్నారు.)

ఇక్కడ ఓడిపోయింది బద్ధకం వల్ల కాదు. చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఇంట్లో తేల్చుకోవాల్సిన వస్తువులు రెండు వేలు అనుకుందాం. చెంచాలు, కాగితాలు, బట్టలు అన్నీ కలిపితే రెండు వేలు పెద్ద సంఖ్యేమీ కాదు. ఒక్కోదానికి అర నిమిషం పట్టినా మొత్తం 16 గంటల 40 నిమిషాలు. అదీ ఎక్కడా ఆగకుండా, ఎవరితోనూ వాదించకుండా. ఏ ఆదివారంలోనూ అన్ని గంటలు లేవు. అదే ఒక సొరుగులో నలభై వస్తువులుంటే పని 20 నిమిషాల్లో అయిపోతుంది. పైగా సొరుగు పూర్తయితే పూర్తయినట్టే. సగంలో ఆగిపోయిన గది మొదలుపెట్టక ముందుకన్నా అధ్వానంగా ఉంటుంది.

మెదడు వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగే అంశాలు ఏడుకు అటూ ఇటూగా ఉంటాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి దించారు. చూపు సంగతి మరీ ఇరుకు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ మెక్‌మెయిన్స్, సబీన్ కాస్ట్‌నర్ మెదడు స్కానింగ్‌తో చేసిన ప్రయోగాలు 2011లో అచ్చయ్యాయి. కళ్లముందు ఒకేసారి అనేక వస్తువులు ఉన్నప్పుడు అవి దృశ్య వల్కలంలో ఒకదాన్నొకటి అణిచివేసుకుంటూ పోటీపడతాయని, ఆ పోటీలోంచి ఒకదాన్ని పైకి లాగడానికే మన ధ్యాస ఖర్చవుతుందని ఆ పరిశోధన వివరించింది. వాళ్లు వాడినవి తెర మీది బొమ్మలే, ఇంటి సామాను కాదు. అయినా కిక్కిరిసిన గదిలో నిలబడినప్పుడు ‘ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు’ అన్న మాటలో ఎంత నిజముందో ఇక్కడ తెలుస్తుంది. అంతా బయటికి తీసి పరచడమంటే ఆ పోటీని చేజేతులా గరిష్ఠ స్థాయికి తీసుకెళ్లడమే.

అయితే ఈ విషయంలో సైన్సు పేరిట చెలామణీ అయ్యే మాటలన్నీ గట్టివి కావు. ‘నిర్ణయాలు తీసుకునే కొద్దీ సంకల్పబలం బ్యాటరీలా అయిపోతుంది’ అనే మాట బాగా వినిపిస్తుంది. దానికి ఆధారంగా చూపే సిద్ధాంతాన్ని 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడిస్తే, ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. అలసట నిజం, బ్యాటరీ పోలిక మాత్రం ఇంకా తేలని విషయం.

భౌతికశాస్త్రాన్ని సాక్షికి పిలిచేవాళ్లూ ఉన్నారు. ‘ఎంట్రోపీ ఎప్పుడూ పెరుగుతుంది కాబట్టి ఇల్లు చిందరవందర కావడం ప్రకృతి నియమం’ అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఇది సగమే నిజం. పది వస్తువులను పది అరల్లో పెట్టే తీరులు 36,28,800. వాటిలో ‘సరిగ్గా సర్దినట్టు’ ఉండేది ఒక్కటో రెండో. కాబట్టి ఆలోచించకుండా ఎక్కడపడితే అక్కడ పెడితే గందరగోళమే వస్తుంది. ఈ భాగం బోల్ట్‌జ్‌మన్ ఒప్పుకునేదే. కానీ గాలి అణువులు వేడికి వాటంతటవే కదిలినట్టు గరిటె కదలదు. గది ఉష్ణోగ్రతలో ఉండే ఉష్ణశక్తికి గరిటెను వెంట్రుకవాసి కూడా జరిపే బలం లేదు. గరిటెను సోఫా మీద పెట్టింది ఒక మనిషి. ఇంట్లో నేరం మనుషులదైనప్పుడు ఉష్ణగతిక రెండో నియమాన్ని బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

ఆ మనుషులెవరన్నది కూడా ముఖ్యమే. లాస్ ఏంజెలెస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాల మీద డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టీ చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఇల్లు చూపిస్తూ వాళ్లు వాడిన మాటలను, వాళ్ల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను రోజంతా మారే తీరును పోల్చి చూశారు. ఇంటిని ‘చిందరవందర’, ‘ఇంకా పూర్తికాలేదు’ లాంటి మాటలతో వర్ణించిన భార్యల్లో సాయంత్రానికి తగ్గాల్సినంతగా కార్టిసాల్ తగ్గలేదు. భర్తల్లో ఆ సంబంధం కనిపించలేదు. అదే ఇల్లు, అవే వస్తువులు. ఆ గుట్టను తన పనిగా చూసేది ఒకరే కాబట్టి ఒత్తిడీ ఒకరికే. మన దేశంలో 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. ‘ఇల్లు సర్దుకోవడం ఎలా’ అనే సలహాలన్నీ ఎవరిని ఉద్దేశించి రాస్తున్నారో చెప్పనక్కర్లేదు.

ఇక వదులుకోవడం. చేతిలో ఉన్న వస్తువుకు మనం కట్టే విలువ, కొనేవాడు కట్టే విలువ కన్నా ఎక్కువగా ఉంటుంది. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమంటే, కొనేవాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు పైచిలుకు అడిగారు. కప్పు వాళ్ల దగ్గరికి వచ్చి కొన్ని నిమిషాలే అయింది. పదేళ్లుగా అటక మీదున్న ఉయ్యాల సంగతి ఇక ఊహించుకోవచ్చు. జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువులకు ఒక చిన్న ఉపాయం మాత్రం పరీక్షకు నిలిచింది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ హాస్టళ్లలో, ఇచ్చేసే ముందు ఆ వస్తువును ఫొటో తీసుకోమని చెప్పినచోట విద్యార్థులు ఎక్కువ వస్తువులు దానం చేశారు. 2017లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం చాలామంది వదలలేనిది వస్తువును కాదు, దానితో ఉన్న జ్ఞాపకాన్ని. ఉయ్యాలను ఫొటో తీసి ఇచ్చేయొచ్చు. అమ్మమ్మ జాడీని ఉంచుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంటి లోపలి సంగతులు. అసలు చిక్కు గుమ్మం బయట ఉంది.

పేరంటాల్లో వచ్చే జాకెట్టు ముక్కల్ని చూడండి. ఏ తెలుగింట్లో చూసినా వాడనివి ఓ ఇరవై ఉంటాయి. అయినా అవి ఎవరికీ తలనొప్పి కావు. వచ్చే వరలక్ష్మీవ్రతానికి తాంబూలంలో పెట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారని అందరికీ తెలుసు. అవతలివాళ్లూ అదే చేస్తారు. ఒక్కో ముక్క ఎన్ని ఇళ్లు తిరిగిందో దానికే తెలియాలి. దారి ముందే తెలిసిన వస్తువు గురించి ఎవరూ ఆలోచిస్తూ కూర్చోరు. పాత పేపర్లూ అంతే. గేటు దగ్గరికి కబాడీవాలా వస్తాడు, తూకం వేస్తాడు, డబ్బిస్తాడు. పేపర్లు పేరుకుపోయాయని కన్నీళ్లు పెట్టుకున్న ఇల్లు ఉండదు. ఇంట్లో ఏళ్ల తరబడి తిష్ఠవేసేవి వేరే. గుమ్మం దాటాక ఎక్కడికి వెళ్లాలో తెలియని వస్తువులు అవి.

మొదట పాత ఫోన్లు, చార్జర్లు, ఉబ్బిన బ్యాటరీలు. వీటిని చెత్తబుట్టలో వేయకూడదని చదువుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. కబాడీవాలాకు ఇస్తే ఏమవుతుందో కూడా చాలామందికి తెలుసు. ఇందిరాపురానికి అట్టే దూరం లేని సీలంపూర్‌లో, గాజియాబాద్ జిల్లాలోనే ఉన్న లోనీలో ఇలాంటి సామానును చేతులతో విడదీస్తారు. రాగి కోసం తీగలు కాల్చడం, లోహాల కోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచడం అక్కడి చిన్న చిన్న గదుల్లో ఏళ్లుగా జరుగుతున్న పని. ఆ పొగ జిల్లా హద్దులు చూసుకుని ఆగదు. 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత పరికరాలు రీసైక్లింగ్‌కు చేరేలా చూసే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. బ్యాటరీలకూ 2022లోనే విడిగా నిబంధనలు వచ్చాయి. కాగితం మీద దారి ఉంది. ఏడో అంతస్తులో ఉండేవాళ్ల చేతిలోని పాత నోకియా ఆ దారి మొదలు దాకా ఎలా వెళ్లాలో మాత్రం లిఫ్టు పక్కన ఏ నోటీసూ చెప్పదు. అందుకని ఫోను మళ్లీ సొరుగులోకే వెళ్తుంది. దాన్ని బద్ధకమనడం అన్యాయం. తప్పు చేయడం ఇష్టం లేనివాళ్లు, సరైన పని చేసే వీలు లేక ఆగిపోయిన సందర్భం అది.

మందులదీ ఇదే కథ. గడువు తీరిన మాత్రలు, పగిలిన పాదరసం థర్మామీటరు, ట్యూబులైట్లు, వాడిన సూదులు, ఇవన్నీ ఇంట్లో పుట్టే ప్రమాదకర వ్యర్థాలని, విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ చెత్తలోనో డ్రైనేజీలోనో కలిస్తే మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి తోడ్పడతాయి. మూడో బుట్ట పెట్టమని నిబంధన చెప్పినా, పొద్దున్నే వచ్చే చెత్త బండిలో అన్నీ ఒకే గుట్టలో పడటం కళ్లారా చూసినవాళ్లు విడదీయడం మీద ఎన్నాళ్లు నమ్మకం పెట్టుకుంటారు?

బట్టల పరిస్థితి కాస్త నయం. ఊళ్లలో పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు తిరిగినట్టే ఢిల్లీలోనూ తిరుగుతారు. వాళ్లు పోగుచేసిన బట్టలు పశ్చిమ ఢిల్లీలోని రఘుబీర్ నగర్ సంతకు చేరతాయి. చిరిగిన ఉన్ని దుస్తులను పీచు చేసి మళ్లీ నూలు వడికే పరిశ్రమ హరియాణాలోని పానిపట్‌లో ఉంది. 1999లో అన్షు గుప్తా ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ, నగరాల్లో మిగిలిన బట్టలను పల్లెల్లో జరిగే సామూహిక పనులకు ప్రతిఫలంగా అందిస్తుంది. ఇక్కడ దారులు ఉన్నాయి, కావలసిందల్లా ఒక గోనెసంచి, ఒక తేదీ.

తేదీ అన్నప్పుడు భోగి గుర్తుకొస్తుంది. ఇల్లు ఖాళీ చేసే పద్ధతిగా చూస్తే భోగిమంట తీరు చాలా తెలివైనది. రోజు ముందే ఖాయం, ఊరంతా ఒకేసారి, దారి ఒక్కటే. విరిగిన కుర్చీ ముందు కూర్చుని ‘ఉంచుకుందామా వద్దా’ అని తర్జనభర్జన పడే అవసరం లేదు. కానీ ఆ మంట పిడకలకూ కట్టెలకూ పుట్టింది. ఇప్పటి విరిగిన కుర్చీ అంటే జిగురుతో అతికించిన చెక్కపొడి పలక, పైన సన్‌మైకా, మీద రెక్సిన్. కాలిస్తే వచ్చేది విషవాయువులే. అందులోనూ జనవరి మధ్యలో గాజియాబాద్ గాలి. చల్లని గాలి పొర నేలను అంటిపెట్టుకుని పొగను పైకి పోనివ్వని రోజులవి. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే రూ.5,000, భారీగా కాలిస్తే రూ.25,000 జరిమానా. ఇందిరాపురంలో మంట వద్దు, సరే. మంటతో పాటు ఆ తేదీ, ఆ సామూహికత, ఆ ఒకే దారి కూడా పోయాయి. వాటి స్థానంలో ఏదీ రాలేదు.

కావలసింది అదే. 5,000 చదరపు మీటర్లకు పైబడిన గేటెడ్ కమ్యూనిటీలు వ్యర్థాలను మూలంలోనే విడదీయించి, పనికొచ్చేవాటిని అధీకృత సేకర్తలకు అప్పగించాలని 2016 నిబంధనల్లోనే ఉండేది. ఇందిరాపురంలోని పెద్ద సొసైటీల్లో చాలావాటికి అది వర్తించేది. సొసైటీల సమావేశాల్లో పార్కింగ్ మీద గంటలు గడుస్తాయి. అందులో పావుగంట చాలు, దీపావళికి ముందొక ఆదివారం, భోగికి ముందొక ఆదివారం ఖాయం చేయడానికి. గేటు దగ్గర నాలుగు బల్లలు: బట్టలకొకటి, ఎలక్ట్రానిక్ సామానుకొకటి, మందులకూ బ్యాటరీలకూ ఒకటి, ఇంకొకరికి పనికొచ్చేవాటికొకటి. అధీకృత రీసైక్లర్‌ను పిలిపించడం ఒక్కో ఇంటికి పెద్ద పని, నాలుగొందల ఇళ్లకు కలిపి ఒక ఫోన్‌కాల్. శక్తిఖండ్-4లో పేరుకున్న చెత్త మీద హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి పోరాడిన ప్రాంతమిది. ఈ మాత్రం చేయలేనిదేం కాదు. మూడో బుట్టను బండి విడిగా తీసుకెళ్లేలా చూడటం మాత్రం కార్పొరేషన్ పనే, దాన్ని నివాసుల స్వచ్ఛంద సేవ మీదకు నెట్టకూడదు.

అప్పుడు ఇంటి లోపలి పని కూడా తేలికవుతుంది. సొరుగు తెరిచే ముందే నాలుగు సంచులు గుమ్మం దగ్గర ఉంటే ‘ఇది అక్కర్లేదు’ అన్న నిర్ణయం ‘మరి ఎక్కడ పెట్టాలి’ అనే ఇంకో నిర్ణయాన్ని కనదు. రోజుకు ఒక అర, ఇరవై నిమిషాలు, మిగతా గదిని ముట్టుకోకుండా. ఆ అర అందరిదైతే పనీ అందరిది కావాలి. ఎవరి చార్జర్లను వాళ్లే గుర్తుపట్టాలి. తేల్చుకోలేని వస్తువు ఉంటే పక్కన పెట్టి ముందుకు వెళ్లడమే, దానికోసం మిగతావాటిని ఆపకూడదు. దుమ్మును పొడి చీపురుతో రేపకుండా తడిగుడ్డతో తుడవాలి. ఈ ఊరి దుమ్ము ఒకసారి లేచిందంటే ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

మిగిలినవాటిని సర్దడానికి రంగురంగుల డబ్బాలు, లేబుళ్లు కొనక్కర్లేదు. డేనియల్ స్లీటర్, రాబర్ట్ టార్జాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1985లో ఒక చక్కటి ఫలితం నిరూపించారు. ఒక వరసలో ఉన్నవాటిలో వాడినదాన్ని ప్రతిసారీ తిరిగి వరస మొదట్లో పెడుతూ పోతే, వెతకడానికయ్యే శ్రమ, రేపు ఏది కావాలో ముందే తెలిసినవాడు పడే శ్రమకు రెండింతలను మించదు. వాళ్లు లెక్కకట్టింది కంప్యూటర్ జాబితాలకు, బీరువాలకు కాదు. కానీ జపాన్ ఆర్థికవేత్త యుకియో నొగుచి 1993లో కాగితాలకు ఇదే పద్ధతి చెప్పారు. వర్గాలు విడదీయకుండా వాడిన కవరును వరస మొదటికి చేర్చడమే. బట్టల బీరువాలోనూ ఇది పనిచేస్తుంది. ఉతికి వచ్చిన చొక్కా ఎప్పుడూ కుడిచివర తగిలిస్తే, వాడనివి వాటంతటవే ఎడమకు జరుగుతాయి. ఎవరూ ఏదీ తేల్చనక్కర్లేదు.

‘ఆరు నెలలు వాడకపోతే తీసేయండి’ అనే సూత్రం మాత్రం ఇక్కడ చెల్లదు. దాని ప్రకారం ఆగస్టులో ఇంట్లోని రజాయిలన్నీ పోవాలి. ఢిల్లీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు కొలత ఒక పూర్తి సంవత్సరం, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం.

ఇలా చేసినా కొందరి ఇళ్లలో గుట్ట తగ్గదు. గదులు నడవడానికి, పడుకోవడానికి పనికిరానంతగా నిండిపోయి, పాత కవరు తీసేస్తానన్నా మనిషి తల్లడిల్లిపోతుంటే అది సర్దుడు సమస్య కాదు. వస్తువులను విపరీతంగా పోగుచేయడాన్ని 2013లో వెలువడిన డీఎస్ఎమ్-5 ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు ఇల్లు ఖాళీ చేసేయడం లాంటి పనులు మేలుకన్నా కీడు చేస్తాయి. మానసిక వైద్యులను కలవాలి. ప్రభుత్వ టెలీ-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది.

మిగతా ఇళ్లకు దీపావళి ముందు ఆదివారం చాలు. చెప్పుల స్టాండు పక్కన ఒక పాత అట్టపెట్టె పెట్టి, ఇంట్లో ఉన్న చచ్చిన ఫోన్లనూ తీగలనూ అప్పటిదాకా అందులో వేస్తూ పోవచ్చు. పెట్టె కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, అటక మీద అవి ఎలాగూ పది ఉంటాయి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం అందులో వేయకుండా, గుచ్చకుండా, వేడి తగలని చోట విడిగా ఉంచి వీలైనంత త్వరగా సేకరణ కేంద్రానికి చేర్చాలి.